రెండేళ్ల కుర్చీ

నవంబర్ 14, 2025, శుక్రవారం, విజయవాడ

మొత్తానికి గెజిట్ వచ్చింది. మధ్యాహ్నం బార్ రూమ్‌లో క్యారేజీ విప్పుతుంటే జూనియర్ ఫోన్‌లో చూపించాడు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీద రాష్ట్రపతి సంతకం పడింది 2023 ఆగస్టు 11న. దానికి నియమాలు రావడం ఇప్పుడు. ఈ రెండేళ్ల మూడు నెలలూ చట్టం పుస్తకంలో ఉంది, వాడుకలో లేదు.

బార్ రూమ్‌లో అందరి నోటా 250 కోట్ల మాటే. మన వివరాలకి తగిన భద్రత ఏర్పాటు చెయ్యని సంస్థ మీద వెయ్యగల గరిష్ఠ జరిమానా అది. డేటా బయటికి పొక్కాక చెప్పకుండా దాచిపెడితే 200 కోట్ల దాకా. పిల్లల డేటా విషయంలో గీత దాటితే మరో 200 కోట్లు. "ఇంక చూడండి మేడమ్, కంపెనీలకి చెమటలు పడతాయి" అన్నాడు జూనియర్. వాడు చట్టం చదవడం ఎప్పుడూ చివరి షెడ్యూల్ నుంచి మొదలుపెడతాడు.

ఇంటికొచ్చి, ప్రింటు తీసుకుని, ఏ సెక్షన్ ఎప్పటి నుంచి అన్న నోటిఫికేషన్ ముందేసుకున్నా. అసలు సంగతంతా అందులోనే ఉంది. తక్షణం అమల్లోకి వచ్చేవి నిర్వచనాలు, డేటా రక్షణ బోర్డు ఏర్పాటు, సమాచార హక్కు చట్టానికి సవరణ. ఏడాది తర్వాత సమ్మతి నిర్వాహకుల, అంటే పౌరుల తరఫున సమ్మతులు నడిపే సంస్థల, నమోదు. మిగతాదంతా పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో. నా వివరాలు మీ దగ్గర ఏమున్నాయని అడిగే హక్కు, చెరిపెయ్యమనే హక్కు, ఫిర్యాదు, విచారణ, జరిమానా, అన్నీ ఆ ఆఖరి విడతలోనే. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఉండేది. ఆ వెసులుబాటుని ఆ క్లాజు నుంచి కొట్టేశారు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వచ్చనే 8(2) ఉందిగా అంటారు. ఉంది. దాని ఆసరాతో ఎంతమంది సమాచార అధికారులు కాగితం చేతికిస్తారో నాకు తెలుసు.

పౌరుడి దగ్గర తీసుకునేది ఇవాళ, పౌరుడికి ఇచ్చేది ఏడాదిన్నరకి.

బోర్డుకి సభ్యులు నలుగురట. కార్యాలయం దేశ రాజధాని ప్రాంతంలో. కాగితం మీద బోర్డు పుట్టింది, మనుషులు ఇంకా రావాలి. 20వ సెక్షన్ కింద ఎర్ర పెన్నుతో గీత గీశా: అధ్యక్షుడికైనా సభ్యులకైనా పదవీకాలం రెండేళ్లు, తిరిగి నియమించవచ్చు. దీని గురించి తీరిగ్గా రాయాలి.

నవంబర్ 16, ఆదివారం

కార్తీక మాసంలో ఆఖరి ఆదివారం. అన్నయ్యావాళ్లు రమ్మంటే వనభోజనాలకి వెళ్లా. ఉసిరిచెట్టు కింద విస్తళ్లు, పులిహోర, గుత్తొంకాయ, అంతా బాగుంది. తోట గేటు దగ్గర బల్ల మీద ఓ అట్టముక్క, దానికి అంటించిన క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తేనే భోజనం టోకెన్.

ఫారం తెరిచా. ఇంటిపేరు, గోత్రం, శాఖ, సెల్ నంబరు, బ్లడ్ గ్రూపు. ఇంట్లో పెళ్లీడు పిల్లలుంటే వాళ్ల పేర్లు, పుట్టిన తేదీ, నక్షత్రం, చదువు, ఉద్యోగం, జీతం. జీతం గడి పక్కన ఎర్ర చుక్క, నింపకపోతే కిందకి కదలదు. అన్నయ్య కూతురు అక్కడే నిలబడి "పోయినసారి ఇది నింపాకే అత్తయ్యా, మూడు ఊళ్ల మ్యారేజీ బ్యూరోల వాళ్లు నాకు ఫోన్లు చేశారు" అంది. నిర్వాహకులావిడ నవ్వేసి "ఇందులో దాచుకోడానికేముంది వదినా, అందరం మనవాళ్లమేగా" అంది. జీతం గడిలో సున్నా కొట్టి టోకెన్ తీసుకున్నా.

సొంత పనికీ ఇంటి పనికీ వాడుకునే వివరాలకి చట్టం వర్తించదు. సంఘం పేరుతో వందల కుటుంబాల జాబితా కట్టడం ఇంటి పని కిందకి రాదని నా వాదన. కానీ అసలు చిక్కు వేరే ఉంది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో కులం, మతం, ఆరోగ్యం లాంటివి సున్నితమైన వివరాలు. వాటికి కట్టుదిట్టాలు ఎక్కువ. 2019 బిల్లులోనూ ఆ తరగతి ఉంది. 2023 చట్టంలో ఆ తరగతినే ఎత్తేశారు. ఈ దేశంలో కులానికీ, పిజ్జా తెచ్చే కుర్రాడికిచ్చే ఫోన్ నంబరుకీ చట్టం ముందు ఇప్పుడు ఒకే విలువ. యూరప్ డేటా రక్షణ చట్టం జాతి, మతం, ఆరోగ్యం, రాజకీయ అభిప్రాయం లాంటివాటిని వేరు చేసి, కొన్ని మినహాయింపులు తప్ప ముట్టుకోవద్దంటుంది. రేపు మన బోర్డు ఎంత చురుగ్గా ఉన్నా, చట్టంలో లేని తేడాని తెచ్చి పెట్టలేదు.

నవంబర్ 17, సోమవారం

ఆఖరి కార్తీక సోమవారం ఉపవాసం. కోర్టు నుంచి త్వరగా వచ్చి పాత నోట్సు తిరగేశా. మన బోర్డు లాంటి పనే చేసే డేటా కమిషనర్ల ఉద్యోగం ఎక్కణ్ణుంచి పుట్టిందో ఒకసారి సరిచూసుకుందామని.

ప్రపంచంలో మొదటి డేటా రక్షణ చట్టం జర్మనీలో హెస్సే అనే రాష్ట్రానిది, 1970. దేశవ్యాప్త చట్టం మొదట చేసింది స్వీడన్, 1973. అప్పటికి ఫేస్‌బుక్ లేదు, గూగుల్ లేదు. వాళ్ల భయమల్లా ప్రభుత్వాల పెద్ద కంప్యూటర్ల గురించే. ఫ్రాన్స్ కథలో అది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పౌరులకిచ్చిన గుర్తింపు సంఖ్య ఆధారంగా ప్రభుత్వ శాఖల ఫైళ్లన్నీ ఒకదానికొకటి కలిపేసే ప్రాజెక్టు ఒకటి అక్కడ రహస్యంగా నడుస్తుండేది. దాని పేరు సఫారీ. 1974 మార్చి 21న లె మాండ్ పత్రిక దాన్ని బయటపెట్టింది. పేరుకి తగ్గట్టే 'ఫ్రెంచివాళ్ల వేట' అని శీర్షిక పెట్టారు. ఆ దుమారంలోంచి కమిటీ, కమిటీలోంచి 1978 జనవరి 6 చట్టం, ఆ చట్టంలోంచి క్నిల్ అనే సంస్థ పుట్టాయి.

మన దగ్గర వరస తిరగబడింది. ముందు ఆధార్ వచ్చింది. 2012లో దాని మీద కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి సుప్రీంకోర్టుకెక్కారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. చట్టం రావడానికి మరో ఆరేళ్లు పట్టింది. పుట్టస్వామిగారు 2024లో పోయారు. చట్టాన్ని చూశారు, అమలు చూడలేదు.

మళ్లీ ఫ్రాన్స్ సంగతికొస్తే, క్నిల్ కూర్పు చూస్తే ముచ్చటేస్తుంది. మొత్తం పద్దెనిమిది మంది. పార్లమెంటు నుంచి నలుగురు, ఆర్థిక సామాజిక మండలి నుంచి ఇద్దరు, మూడు అత్యున్నత న్యాయస్థానాల నుంచి ఇద్దరేసి చొప్పున ఆరుగురు, నిపుణులు అయిదుగురు, ప్రభుత్వ పత్రాల అందుబాటు చూసే సంఘం అధ్యక్షుడు ఒకరు. ఎవరు రావాలో ఒక్కచోట తేలదు. ఏ ఒక్క మంత్రీ అందర్నీ తన వాళ్లనే పెట్టుకోలేడు.

జరిమానా వేసేది ఈ పద్దెనిమిది మందీ కాదు. అందులోంచి ఎన్నుకున్న ఆరుగురి చిన్న బృందం. క్నిల్ అధ్యక్షురాలు అందులో కూర్చోడానికి లేదు. ఆవిడ పని కేసు మొదలుపెట్టడం, దానికో రిపోర్టరుని (విలేకరి కాదు, కేసు నివేదిక రాసే సభ్యుణ్ణి) వేయడం. ఆ రిపోర్టరు ఈ ఆరుగురిలో వాడై ఉండకూడదు. ఆయన ఆరోపణ రాస్తాడు, కంపెనీ జవాబిస్తుంది, ఇద్దరూ ఆరుగురి ముందు వాదించుకుంటారు. తర్వాత ఆరుగురూ తలుపేసుకుని నిర్ణయం రాసుకునేటప్పుడు రిపోర్టరు గదిలో ఉండడు. దర్యాప్తు చేసినవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకడు కాకూడదన్నది మనం మేజిస్ట్రేటు కోర్టులో రోజూ వాడే సూత్రమే. దాన్ని వాళ్లు ఒకే సంస్థ లోపల గోడ కట్టి మరీ అమలు చేశారు. 2019 జనవరిలో గూగుల్ మీద అయిదు కోట్ల యూరోలు వేసింది ఈ ఆరుగురి బృందమే.

మన చట్టంలో విచారించేది బోర్డే, జరిమానా వేసేదీ బోర్డే. నలుగురిలో గోడ ఎక్కడ కడతారు?

నవంబర్ 19, బుధవారం

మేష్టారు వచ్చారు. రిటైర్డ్ హెడ్మాస్టరు, మా నాన్న దగ్గర చదువుకున్నాయన. ఓ ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్లో పరీక్షలు చేయించుకున్నారు. రిపోర్టు లింకు ఫోన్‌కి వచ్చింది. లింకు చివర ఓ సంఖ్య. కొడుకు ఊరికే ఆ సంఖ్యలో ఆఖరి అంకె మార్చి చూస్తే ఇంకెవరిదో రిపోర్టు తెరుచుకుంది. పేరు, వయసు, జబ్బు, డాక్టరు పేరు, అన్నీ. అంకె మార్చేకొద్దీ మనిషి మారుతున్నాడు. ఆ అబ్బాయి స్క్రీన్ మీద ఇతరుల పేర్లు కనబడకుండా నల్లగా కొట్టి మరీ ఫోటోలు తీశాడు, బుద్ధిమంతుడు.

మేష్టారి బాధ అది కాదు. ఆయన రిపోర్టులోని జబ్బు పేరు పెట్టి, ఫలానా మందుపొడి వాడండంటూ రోజూ ఫోన్లు. పెళ్లి సంబంధం మాట్లాడుకుంటున్న మనవరాలి అత్తింటివాళ్లకి కూడా ఎలాగో తెలిసిపోయిందని ఆయన అనుమానం. "అమ్మా, వాళ్లకి జరిమానా పడితే నాకేమిటి? నాకు జరిగిన నష్టం సంగతి చెప్పు" అన్నారు.

ప్రశ్న సూటిగా ఉంది. జవాబు కూడా సూటిగానే చెప్పా. కొత్త చట్టం కింద ముందు ఆ సెంటరుకే రాసుకోవాలి. వాళ్లు జవాబివ్వడానికి తొంభై రోజుల దాకా గడువు. అది తేలాకే బోర్డు. బోర్డు జరిమానా వేస్తే ఆ డబ్బు వెళ్లేది భారత సంచిత నిధికి. బాధితుడికి పైసా రాదు. పైగా ఫిర్యాదు పసలేనిదని బోర్డుకి తోస్తే ఫిర్యాదుదారుకే హెచ్చరిక చెయ్యచ్చు, ఖర్చులు కట్టమనచ్చు. పౌరుడి విధులని ఓ సెక్షన్ పెట్టి, అవి తప్పితే పదివేల దాకా జరిమానా అని కూడా రాశారు. నేను చూసినంతలో వేరే దేశాల చట్టాల్లో ఇలాంటిది తారసపడలేదు.

"అయితే ఈ చట్టం ఎవరి కోసమమ్మా?" అన్నారు మేష్టారు. ఫైలు తెరిచి, 2000 నాటి ఐటీ చట్టంలో 43ఎ చూద్దామన్నా.

నవంబర్ 21, శుక్రవారం

రాత్రి డబ్లిన్ నుంచి మేనల్లుడు ఫోన్. అక్కడే సాఫ్ట్‌వేర్. "అత్తయ్యా, మా ఆఫీసులో డేటా కమిషనర్ పేరు చెబితే లీగల్ వాళ్లు లేచి నిలబడతారు" అన్నాడు. "నిలబడతారు సరే, జరిమానా కడతారా?" అన్నా. నవ్వాడు.

ఐర్లండ్ సంగతి తెలిస్తేగానీ ఈ రంగం అర్థం కాదు. యూరప్ చట్టం 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒక కంపెనీ యూరప్ ప్రధాన కార్యాలయం ఏ దేశంలో ఉంటే ఆ దేశపు నియంత్రణ సంస్థే కేసుకి పెద్ద. గూగుల్, మెటా, టిక్‌టాక్, లింక్డిన్, అందరి ప్రధాన కార్యాలయాలూ డబ్లిన్‌లోనే. పన్నుల కోసం వచ్చి అక్కడ కూర్చున్నారు. దాంతో నలభై అయిదు కోట్ల మంది యూరోపియన్ల గోప్యత యాభై నాలుగు లక్షల మంది జనాభా గల దేశపు ఆఫీసు మీద పడింది. ఆ ఆఫీసు ఒకప్పుడు పోర్టార్లింగ్టన్ అనే చిన్న ఊళ్లో, ఓ సరుకుల కొట్టుని ఆనుకుని ఉండేది. 2014 ప్రాంతంలో యూరప్ పత్రికలు ఆ ఫోటో వేసి ఎకసెక్కాలాడాయి.

2013లో ఆస్ట్రియా లా విద్యార్థి మాక్స్ ష్రెమ్స్ ఫేస్‌బుక్ మీద అక్కడ ఫిర్యాదు పెట్టాడు: నా వివరాలు అమెరికాకి పంపుతున్నారు, అక్కడ నిఘా సంస్థలు చూస్తున్నాయి అని. కమిషనరు పట్టించుకోలేదు. కోర్టుకెళ్లాడు. 2015లో యూరప్ న్యాయస్థానం అమెరికాతో ఉన్న ఒప్పందాన్ని కొట్టేసింది. దాని స్థానంలో వచ్చిన రెండోదాన్ని 2020లో కొట్టేసింది. ఆఖరికి 2023 మేలో మెటా మీద 120 కోట్ల యూరోల జరిమానా పడింది. ఇప్పటికీ రికార్డు అదే. అందులో తమాషా ఏమిటంటే, ఐర్లండ్ ముసాయిదాలో జరిమానా అనే మాటే లేదు. ఇతర దేశాల సంస్థలు అభ్యంతరం చెబితే, అందరూ కూర్చునే యూరప్ డేటా రక్షణ మండలి ఓటు వేసి, జరిమానా వెయ్యాల్సిందేనని ఆదేశించింది. వాట్సాప్ విషయంలోనూ అంతే. 2021లో ఐర్లండ్ అనుకున్నది మూడు నుంచి అయిదు కోట్లు, మండలి ఒత్తిడితో అయింది 22.5 కోట్లు.

జర్మనీలో సంస్థ ఒకటి కాదు. కేంద్రానికొకటి, పదహారు రాష్ట్రాలకీ ఒక్కోటి, బవేరియాకి మాత్రం ప్రభుత్వ రంగానికొకటి ప్రైవేటుకొకటి. మొత్తం పద్దెనిమిది. గందరగోళం అంటారు. నా ఉద్దేశంలో ఆ గందరగోళమే మేలు. ఒకరు నిద్రపోతే ఇంకొకరు తట్టి లేపుతారు. మనకి నలుగురు సభ్యుల బోర్డు ఒక్కటే. అది నిద్రపోతే తట్టేవాళ్లు లేరు. ఫిర్యాదు రావాలి, డేటా పొక్కిందని కంపెనీయే చెప్పాలి, కేంద్రమో రాష్ట్రమో కోర్టో అడగాలి, అప్పుడే బోర్డు కదులుతుంది. తనంతట తాను తలుపు తట్టే అధికారం చట్టంలో ఎంత వెదికినా స్పష్టంగా కనబడలేదు.

"మరి ఐర్లండ్‌లో కొత్తగా చేరిన మూడో డేటా కమిషనర్ మాటేమిటి?" అని అడిగా. గత నెల చేరినావిడ. ఇంతకుముందు మెటాలో విధాన వ్యవహారాలు చూసేవారు. ష్రెమ్స్ బృందం గగ్గోలు పెట్టింది. "ఇక్కడందరూ మాట్లాడుకుంటున్నారు" అన్నాడు వాడు. అంతకంటే ఏమీ అనలేదు. ఉద్యోగస్తుడు కదా.

నవంబర్ 22, శనివారం

సెలవు. 20వ సెక్షన్ గురించి రాస్తానన్నాగా.

హంగరీలో 2008 సెప్టెంబరులో ఓ డేటా కమిషనరు ఆరేళ్లకి ఎన్నికయ్యాడు. కొత్త ప్రభుత్వం ఆయన్ని తీసెయ్యలేదు. అంతకంటే తెలివైన పని చేసింది. ఆ కార్యాలయాన్నే రద్దు చేసి, 2012 జనవరి 1 నుంచి కొత్త పేరుతో కొత్త సంస్థ పెట్టి, దానికి వేరే మనిషిని వేసింది. యూరప్ న్యాయస్థానం 2014 ఏప్రిల్ 8న అది చెల్లదంది. పదవీకాలం ముగియకుండా పంపించేయొచ్చన్న భయం ఒక్కటి చాలు, కమిషనరు ప్రభుత్వం మొహం చూసి పని చేస్తాడు, అదే స్వతంత్రతకి భంగం అని దాని తాత్పర్యం. అంతకుముందు 2010లో జర్మనీని కూడా వదల్లేదు. ప్రైవేటు రంగాన్ని చూసే సంస్థలు రాష్ట్ర ప్రభుత్వాల అజమాయిషీలో ఉంటే, సర్కారు నిజంగా వేలు పెట్టిందా లేదా అన్నది కాదు, పెట్టగలగడమే తప్పు అంది.

అమెరికాలో ఇదే తగువు ఈ ఏడాది నడుస్తోంది. అక్కడ దేశం మొత్తానికి డేటా కమిషనర్ లేడు. ఆ పని చాలావరకు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేస్తుంది. 2019లో ఫేస్‌బుక్ మీద 500 కోట్ల డాలర్లు వేసింది వాళ్లే. సభ్యులకి ఏడేళ్ల పదవీకాలం, కారణం లేకుండా తీసెయ్యకూడదని 1935 నుంచి సుప్రీంకోర్టు తీర్పు. ఈ మార్చిలో ట్రంప్ ఇద్దరు సభ్యుల్ని తీసేశారు. వచ్చే నెల అక్కడి సుప్రీంకోర్టులో వాదనలు.

మన దగ్గర తీసెయ్యాల్సిన పనే లేదు. శ్రీకృష్ణ ముసాయిదాలో పదవీకాలం అయిదేళ్లు, ఎంపిక కమిటీలో భారత ప్రధాన న్యాయమూర్తి లేదా ఆయన సూచించే సుప్రీంకోర్టు న్యాయమూర్తి. 2019 బిల్లులో న్యాయమూర్తి మాయం, కమిటీ అంతా కార్యదర్శులే. 2023కి వచ్చేసరికి పదవీకాలం రెండేళ్లు. మొన్నటి నియమాల ప్రకారం అధ్యక్షుణ్ణి వెదికే కమిటీకి కేబినెట్ కార్యదర్శి పెద్ద, పక్కన న్యాయ వ్యవహారాల కార్యదర్శి, ఐటీ కార్యదర్శి, ఇద్దరు నిపుణులు. సభ్యుల ఎంపికకి ఐటీ కార్యదర్శే పెద్ద. నిపుణుల్ని పెట్టేదీ కేంద్రమే. సభ్యుణ్ణి తొలగించాలంటే అతని మాట వినాలని చట్టంలో ఉంది, ఒప్పుకుంటా. కానీ పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకున్నవాడు ఇంటి ఓనరుతో గొడవ పెట్టుకోడు. రెండేళ్లలో మొదటి ఆర్నెల్లు ఆఫీసు సర్దుకోవడానికి, ఆఖరి ఆర్నెల్లు పునర్నియామకం వస్తుందా రాదా అని చూసుకోవడానికి. మధ్యలో మిగిలిన ఏడాదిలో ఆయన ఆధార్ సంస్థ మీదో, రైల్వే మీదో నోటీసు వేస్తాడని నేను నమ్మను.

పోనీ వేస్తాడనుకుందాం. 17(2) కింద కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థకైనా దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో మొత్తం చట్టం నుంచే మినహాయింపు ఇవ్వచ్చు. నియమాలు రాసేది కూడా కేంద్రమే, బోర్డు కాదు. 2018, 2019 నమూనాల్లో సంస్థకి సొంతంగా నిబంధనలు రాసుకునే అధికారం ఉండేది.

జరిమానా అంకె పెద్దదై, వేసే చెయ్యి పొట్టిదైన చట్టం ఇది.

నవంబర్ 24, సోమవారం

వాయిదా వేసిన కేసు దగ్గర ఖాళీగా కూర్చుని జూనియర్‌కి బ్రిటన్ కథలు చెప్పా. వాడికి సినిమాలా చెబితేనే ఎక్కుతుంది.

2018 మార్చి 19, సోమవారం. కేంబ్రిడ్జ్ అనలిటికా ఫేస్‌బుక్ ఖాతాల వివరాలు ఎన్నికలకి వాడిందన్న గొడవ. బ్రిటన్ కమిషనర్ ఎలిజబెత్ డెన్హమ్ టీవీలోకి వచ్చి, సోదా వారంటు కోసం కోర్టుకెళ్తున్నానని చెప్పారు. వారంటు చేతికొచ్చింది శుక్రవారం రాత్రి. అప్పుడు ఆఫీసు పేరు రాసిన జాకెట్లు వేసుకున్న పద్దెనిమిది మంది అధికారులు లండన్ ఆఫీసులోకి వెళ్లి, తెల్లవారుజాము దాకా వెదికారు. "నాలుగు రోజులు టైమిస్తే ఏం మిగులుతుంది మేడమ్?" అన్నాడు వాడు. అదే కదా. ఆ కమిషనరు ఊరుకోలేదు, చట్టంలో ఈ లోటు ఉందని గట్టిగా చెప్పి, ఆ ఏడాదే వచ్చిన కొత్త చట్టంలో అధికారాలు పెంచుకున్నారు. ఫేస్‌బుక్ మీద మాత్రం పాత చట్టం కింద అయిదు లక్షల పౌండ్లే వెయ్యగలిగారు. గరిష్ఠం అంతే మరి.

తర్వాత బ్రిటిష్ ఎయిర్‌వేస్. 2019 జూలైలో 18.3 కోట్ల పౌండ్లు వేస్తామని నోటీసు. 2020 అక్టోబరుకి చివరి ఉత్తర్వు రెండు కోట్లు. కంపెనీ వాదనలు విన్నారు, కోవిడ్ దెబ్బ లెక్కలోకి తీసుకున్నారు. మొదటి అంకె పతాక శీర్షికలో పడింది. రెండోది లోపలి పేజీలో పడింది.

నాకు మరీ గుర్తుండేది ఉత్తర ఐర్లండ్ పోలీసుల సంగతి. 2023 ఆగస్టులో సమాచార హక్కు కింద ఎవరో ఏదో అడిగారు. పోలీసు శాఖ ఎక్సెల్ షీటు పంపింది. అందులో కనబడకుండా దాచిన ఇంకో షీటు ఉండిపోయింది. అందులో 9,483 మంది పోలీసు ఉద్యోగుల ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే చోట్లు. తీవ్రవాదుల భయంతో ఇరుగుపొరుగుకి కూడా పోలీసునని చెప్పుకోని మనుషులున్న చోట అది. జరిమానా ఏడున్నర లక్షల పౌండ్లు. ప్రైవేటు సంస్థ అయితే 56 లక్షలు పడేదట. ప్రభుత్వ శాఖకి వేస్తే చివరికి కట్టేది ప్రజలే కదా అని తగ్గించారు. తర్కం అర్థమవుతుంది, మనసు ఒప్పదు.

జూనియర్ ఇంటికెళ్లి మన ఆఫీసు ఎక్సెల్ ఫైళ్లన్నీ తెరిచి చూశాడట. రాత్రి మెసేజ్ పెట్టాడు.

నవంబర్ 26, బుధవారం

రాజ్యాంగ దినోత్సవం. బార్ అసోసియేషన్ సభలో పీఠిక చదివించారు. ఉపన్యాసంలో పుట్టస్వామి తీర్పు ప్రస్తావన వచ్చింది, చప్పట్లు కొట్టారు.

టీ తాగుతూ హైదరాబాద్ నుంచి వచ్చిన మిత్రుడు అన్నాడు, మనకి ఇన్నాళ్లూ డేటా నియంత్రణ సంస్థ పోలీస్ స్టేషనే అని. నిజం. 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నారు. వాడి దగ్గర 24 రాష్ట్రాల నుంచి 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరాలు ఉన్నాయని ప్రకటించారు. అమ్మినవాడు దొరికాడు సరే. ఆ వివరాలు ఏ ఏ కంపెనీల నుంచి ఎలా కారాయి, వాళ్ల భద్రత ఎందుకు విఫలమైంది అన్నది అడగాల్సిన ఆఫీసు దేశంలో లేదు. ఎస్సై అడగలేడు, అది ఆయన పని కాదు. మన రాష్ట్రంలోనే 2018లో గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ వివరాలు ఎవరికైనా కనబడుతున్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి చెబితే, పేజీ దించేశారు. అంతటితో సరి. ఆ లబ్ధిదారులు ఎవర్ని అడగాలి?

బోర్డు కావాలా వద్దా అంటే కావాలి. నేను దాన్ని వద్దనడం లేదు. ఒక మంచి సంగతి కూడా ఉంది: సమ్మతి నోటీసు ఇంగ్లీషులోనో, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేంట్లోనైనానో చదువుకునే వీలు కల్పించాలని చట్టం అంటోంది. అది అమల్లోకి వచ్చాక తెలుగులో ఇవ్వండని అడగచ్చు. అడిగేవాళ్లుంటే ఆ సెక్షన్ ఒక్కటైనా బతుకుతుంది.

నవంబర్ 29, శనివారం

మేష్టారి కాగితాలు సిద్ధం. 43ఎ కిందే వెళ్తున్నాం. సున్నితమైన వివరాల్ని అజాగ్రత్తగా ఉంచి, దాని వల్ల నష్టం చేసిన సంస్థ పరిహారం కట్టాలని అందులో ఉంది. 2011 నియమాల ప్రకారం వైద్య రికార్డులు ఆ కోవలోకే వస్తాయి. అయిదు కోట్ల లోపు అయితే వినేది రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి, న్యాయనిర్ణయాధికారి హోదాలో. అప్పీలు ఢిల్లీలో టెలికాం ట్రిబ్యునల్‌కి. కొత్త బోర్డు ఉత్తర్వుల మీద అప్పీలు కూడా దానికే. ఈ దారి ఉందని చాలామంది వకీళ్లకే తెలియదు.

చిక్కులున్నాయి. ఫోన్లు చేసినవాళ్లకి వివరాలు ఈ సెంటరు నుంచే వెళ్లాయని రుజువు చెయ్యాలి. పెళ్లి సంబంధం విషయం రాయద్దన్నారు మేష్టారు, పిల్ల పేరు కాగితాలకెక్కుతుందని. రాయలేదు. దాంతో నష్టం లెక్క సగానికి పడింది. వాళ్లబ్బాయి తీసిన ఫోటోలు, ఫోన్లు వచ్చిన తేదీలు, రశీదు, అన్నీ జతచేశాం. ఆ సెంటరు లింకులు సరిచేసిందో లేదో నిన్న మళ్లీ చూశాం. సరిచేసింది. ఎవరికీ చెప్పలేదు.

కొత్త చట్టంలో 44(2) అమల్లోకి రాగానే 43ఎ రద్దవుతుంది. 2027 మే తర్వాత మేష్టారిలాంటి వాళ్లకి పరిహారం అడగడానికి డేటా చట్టంలో చోటు ఉండదు. ఉన్న చోటు ఇంకా దాదాపు పద్దెనిమిది నెలలు ఉంటుంది. సోమవారం పిటిషన్ వేస్తున్నా.